కొత్తల్లుడి వడ్డన

మా ఆస్పత్రిలోకి మరమనిషి వచ్చిన రోజున దానికి పేరు పెట్టింది మా ఆవిడే. జబ్బు ఊరంతా పాకి, సిస్టర్లలో సగం మంది మంచాన పడ్డ కాలం అది. అంటువార్డులోకి మనుషులు వెళ్ళే పని తగ్గించాలని పైవాళ్ళు ఆ మిషను తెప్పించారు. చూడ్డానికి ఛాతీ ఎత్తు తెల్ల బీరువా. కింద చక్రాలు, లోపల అరలు, పైన పలకంత అద్దం. రోగులకి భోజనాలు, మందులు పట్టుకెళ్ళడం దాని పని.

అది వ్యాను దిగుతుంటే ఇద్దరు రెండు పక్కలా పట్టుకున్నారు. ఒకరు ముందు నడుస్తూ నేల తుడిచారు. గడప దగ్గర ఆగిపోతే ఇంకొకరు పరిగెత్తుకెళ్ళి చెక్క తెచ్చి వేశారు. గేటు కాపలా అతను ఎందుకైనా మంచిదని సెల్యూట్ కొట్టాడు.

మా ఆవిడ చీపురు పట్టుకుని అంతా చూసింది. "ఒకరు తలుపు తియ్యాలి, ఒకరు కాళ్ళు తుడవాలి, అలిసిపోతే గోడ పక్కన నిలబెట్టి కరెంటు తాగించాలి. పనివాణ్ణి తెమ్మంటే కొత్తల్లుణ్ణి తెచ్చారు" అంది.

అంతే. ఆస్పత్రి అంతా దాన్ని కొత్తల్లుడనే పిలిచింది. పెద్ద డాక్టరు గారు కూడా ఓసారి నోరు జారి, "అల్లుడు గారు బయల్దేరారా?" అనేశారు.

నేను ఆ ఆస్పత్రిలో స్ట్రెచరు తోసేవాణ్ణి. మా ఆవిడ అంటువార్డులో ఆయా. కొత్తల్లుడి గురించి ఎవరి మాట వాళ్ళది. డాక్టర్లకి అది తెగ ముద్దు. పెద్ద సిస్టరు మాత్రం, "బరువు మోస్తున్నందుకు దణ్ణం పెడతాను. కానీ పక్క తడిపిన ముసలాయన్ని ఓ పక్కకి తిప్పవయ్యా అంటే, దయచేసి దారి ఇవ్వండి అంటుంది" అని నవ్వేది. నాకు లోపల గుబులు. ఇవాళ పళ్ళేలు మోసేది రేపు స్ట్రెచరు తొయ్యదని ఏముంది? మా ఆవిడైతే, "అది దగ్గదు, తుమ్మదు, సెలవు అడగదు. పైవాళ్ళకి నచ్చక ఏం చేస్తుంది?" అని దాని ఎదురుగానే అనేది.

అలా అంటూ అంటూనే జ్వరం తెచ్చుకుంది. తను తుడిచిన వార్డులోనే, తలుపు పక్క మొదటి మంచం మీద పడుకోబెట్టారు. ముక్కూ నోరూ మూసేలా గాలి మాస్కు పెట్టారు. నోరు మూతపడిన మా ఆవిణ్ణి చూడ్డం అదే మొదలు. నన్ను లోపలికి రానివ్వలేదు. బయట బల్ల మీద ఒక అద్దం ఉండేది. కొత్తల్లుడి చుట్టూ జరిగేదంతా అందులో కనిపించేది, వినిపించేది. మైకులో మాట్లాడితే దాని నోట్లోంచి లోపలికి వినిపించేది. దాన్ని చూసుకోవడానికి కంపెనీ నుంచి ఒక ఇంజనీరు గారు వచ్చి, ప్రమాదమైతేనే మిషన్ని ఆపడానికి నొక్కే ఎర్ర మీట ముందు పెట్టుకుని అక్కడే కూర్చునేవారు. మర్యాద మనిషే కానీ, నవ్వితే చార్జింగు అయిపోతుందన్నట్టు ఉండేవారు.

మర్నాడు పొద్దున్నే పెద్ద సిస్టరు నన్ను పిలిచింది.

"బాబాయ్, పిన్ని నిన్నటి నుంచి పళ్ళెం ముట్టలేదు. కొత్తల్లుడు తెచ్చింది తెచ్చినట్టే వెనక్కి వస్తోంది. నేను వెళ్ళి చెంచా నోటి దగ్గర పెట్టినా చెయ్యి అడ్డం పెట్టింది."

పక్కనే చిన్న డాక్టరు గారు. "సాయంత్రం భోజనాలకి కూడా తినకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి. అసలే ఊపిరి అందడం లేదు. గొట్టం వేస్తే మాస్కు సరిగ్గా పట్టదు. అదే నా భయం" అన్నారు.

గబగబా బల్ల దగ్గరికి వెళ్ళాను. మైకు పట్టుకున్నాను.

"ఏమే! వినపడుతోందా? కాస్త తినవే. దాని మీద కోపముంటే నయమయ్యాక తన్నుదువుగాని. నేను పట్టుకుంటాను, నువ్వు తన్ను."

ఇంజనీరు గారు ఉలిక్కిపడి నా వైపు చూశారు.

అద్దంలో మా ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది. పళ్ళెం చూపించింది. తర్వాత వార్డు వరసంతా చేత్తో చూపించింది. మళ్ళీ పళ్ళెం చూపించి, కాదన్నట్టు చెయ్యి ఊపింది.

"ఉప్పు లేదంటోంది. వార్డులో ఎవరికీ లేదంటోంది" అంది పెద్ద సిస్టరు.

"మెదడుకి గాలి సరిగ్గా అందక అయోమయంలో ఉన్నారు" అన్నారు డాక్టరు గారు.

"మిషన్ని వార్డులోంచి గెంటెయ్యమంటోంది" అన్నాను నేను. మా ఆవిడ సంగతి నాకు తెలీదా?

మా ముగ్గురి అర్థాలూ మైకులోంచి లోపలికి వినిపించాయి. మా ఆవిడ నుదురు కొట్టుకుంది.

మధ్యాహ్నం భోజనాల వేళకి మళ్ళీ అద్దం ముందు కూర్చున్నాను. కొత్తల్లుడు మొదటి మంచం దగ్గర ఆగి, "దయచేసి మీ భోజనం తీసుకోండి" అంది. పక్క మంచం దర్జీ అందుకుని మా ఆవిడ ముందు పెట్టాడు. అతనికి జబ్బు తగ్గుముఖం పట్టింది. "ధన్యవాదాలు. త్వరగా కోలుకోండి" అని అది ముందుకు వెళ్ళింది. అలా చివరి మంచం దాకా పెట్టుకుంటూ పోయి, వెంటనే తిరిగొచ్చి, మొదటి మంచం నుంచే ఖాళీ పళ్ళేలు పోగెయ్యడం మొదలుపెట్టింది.

అది వచ్చేసరికి మా ఆవిడ చూపు తన పళ్ళెం మీద లేదు. చివరి మంచం మీద ఉంది. అక్కడ పళ్ళు లేని తాత ఒకాయన నెమ్మదిగా నములుతున్నాడు. పళ్ళెం లోపల పెట్టమన్న కొత్తల్లుడి మాట ప్రకారం దర్జీ మా ఆవిడ పళ్ళెం తీసి అరలో పెట్టేశాడు. అప్పుడు మా ఆవిడ గబుక్కున పళ్ళెం కోసం చెయ్యి చాపింది. అర మూసుకుపోయింది.

కోపమే అయితే చెయ్యి ఎందుకు చాపుతుంది?

"అమ్మాయ్, ఆ వార్డు ఆయాలు ఎప్పుడు తింటారు?" అని పెద్ద సిస్టర్ని అడిగాను. మా స్ట్రెచరు వాళ్ళం ఎక్కడ దొరికితే అక్కడ, ఎంత దొరికితే అంత తినేస్తాం. ఆయాల సంగతి నాకు పట్టలేదు.

పెద్ద సిస్టరు నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో నా మతి మండా! చివరి రోగి చెంచా కింద పెట్టేదాకా ఆయాలు ముద్ద ముట్టరు బాబాయ్. ఆ వార్డులో మొదటినుంచీ అంతే. పిన్నే అందరికీ నేర్పింది. మంచం ఎక్కినా డ్యూటీ దిగలేదన్నమాట!"

నేను మైకులో, "ఏమే, నువ్విప్పుడు ఆయావి కాదు, రోగివి. తినచ్చు" అన్నాను. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది.

"అయ్యా, దాన్ని చివరి మంచం నుంచి మొదలుపెట్టించండి" అని ఇంజనీరు గార్ని బతిమాలాను.

"అది నా చేతుల్లో లేదండీ. వరస మార్చాలంటే కంపెనీ మార్చాలి. రేపు రాస్తాను."

"రేపటికి గొట్టం ముక్కులో ఉంటుంది కదయ్యా!"

పెద్ద సిస్టరు చటుక్కున కదిలింది. అంటు సోకకుండా వేసుకునే దుస్తులు తొడుక్కుని లోపలికి వెళ్ళింది. మా ఆవిణ్ణి మంచంతో సహా తోసుకెళ్ళి, తాత మంచం అవతల, వార్డు చివర పెట్టి బ్రేకు వేసింది. నేను చేసే తోపుడు పని సిస్టరు చేస్తుంటే నా చేతులు ఊరికే బల్ల మీద కదిలాయి.

సాయంత్రం భోజనాలు బయల్దేరాయి. కొత్తల్లుడు మొదటి చోటికి వెళ్ళింది. అక్కడ మంచం లేదు. అది గోడ వైపు తిరిగి, "దయచేసి మీ భోజనం తీసుకోండి" అంది.

గోడ తీసుకోలేదు.

"దయచేసి మీ భోజనం తీసుకోండి."

"పళ్ళెం తీస్తే తప్ప కదలదు" అన్నారు ఇంజనీరు గారు, గోడదే తప్పన్నట్టు. సిస్టర్లేమో వేరే మంచం దగ్గర ఊపిరాడని మనిషితో ఉన్నారు.

దర్జీ తన సెలైన్ స్టాండు ఈడ్చుకుంటూ లేచొచ్చాడు. "మా అక్కగారు అటు వెళ్ళారు బావగారూ. ఇలా ఇవ్వండి, నేను అందిస్తాను" అని దాంతో చెప్పి పళ్ళెం తీసుకున్నాడు.

"ధన్యవాదాలు. త్వరగా కోలుకోండి" అని గోడకి చెప్పి అది కదిలింది. వెనకాల ఒక చేత్తో స్టాండు, ఒక చేత్తో మా ఆవిడ పళ్ళెం పట్టుకుని దర్జీ, తోడల్లుడిలా నడిచాడు. చివరికి తీసుకెళ్ళి మా ఆవిడ ముందు పెట్టాడు.

ఆవిడ పళ్ళెం చూసింది. తాతని చూసింది. తాత అప్పుడే చెంచా ముంచుతున్నాడు.

కొత్తల్లుడు వెనక్కి వెళ్ళి పళ్ళేలు పోగెయ్యడం మొదలుపెట్టేసింది. గొట్టం పొట్లం పట్టుకుని డాక్టరు గారు నా వెనక నిలబడ్డారు.

"తాతా, కానివ్వు! నీ వెనక ఒకావిడ ఉంది" అని అరిచాడు దర్జీ.

"పళ్ళుంటే నీకు చెప్పించుకుంటానట్రా?" అన్నాడు తాత.

వార్డంతా తాత దవడ వంకే చూస్తోంది. కొత్తల్లుడు సగం దూరం వచ్చేసింది. దర్జీ వెళ్ళి దానికి అడ్డంగా నిలబడ్డాడు.

"దయచేసి దారి ఇవ్వండి."

"ఏం తొందర బావగారూ? కూర్చుని వెళ్దురుగాని."

"దయచేసి దారి ఇవ్వండి."

"కబుర్లు చెప్పండి. పిల్లలెంతమంది?"

నా పక్కన చిన్న శబ్దం వచ్చింది. ఇంజనీరు గారు నవ్వారు.

అటు తాత చెంచా కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు. మా ఆవిడ మాస్కు ఎత్తింది. ఒక చెంచా నోట్లో పెట్టుకుని మాస్కు దించింది. గాలి పీల్చుకుంది. మళ్ళీ ఎత్తింది. ఇంకో చెంచా. నేను బయట కూర్చుని ఆవిడతో పాటు గుటకలు మింగుతున్నాను. డాక్టరు గారు పొట్లం జేబులో పెట్టేసుకున్నారు.

దర్జీకి ఆయాసం వచ్చి పక్కకి తప్పుకున్నాడు. కొత్తల్లుడు మిగతావి పోగేసుకుంటూ చివరికి వెళ్ళి, లెక్కకి ఒక పళ్ళెం తక్కువై ఆగింది. "దయచేసి ఖాళీ పళ్ళెం లోపల పెట్టండి" అంది. పళ్ళెంలో ఇంకా సగం ఉంది.

మా ఆవిడ మాస్కు పూర్తిగా పైకెత్తి, దాని ముఖంలోకి చూసి, జబ్బు పడ్డాక మొదటిసారి నోరు విప్పింది.

"ఆగు. కనపడ్డంలా?"

కొత్తల్లుడు ఠక్కున ఆగిపోయింది. మాట లేదు, దీపం లేదు. మా ఆవిడ తీరుబడిగా మిగతాది తినడం మొదలుపెట్టింది.

డాక్టరు గారు ఆశ్చర్యంగా, "దానికి ఇవన్నీ అర్థమవుతాయా?" అని అడిగారు.

ఇంజనీరు గారు ఎర్ర మీట మీద నుంచి చెయ్యి తియ్యకుండానే, "దానికి కాదండీ. నాకు భయమేసింది" అన్నారు.