నేను చూడని ఒక్క నోరు

నేను ఒక అద్దాన్నే గాని నాలో చూసుకుని ఎవరూ బొట్టు దిద్దుకోలేదు, పాపిడి తీసుకోలేదు. రూపాయి బిళ్ళంత ముఖం, దానికి జానెడు స్టీలు కాడ. పళ్ళ డాక్టర్లు నోట్లో పెట్టి చూసే అద్దాన్ని. మిగతా అద్దాలకు ముఖాలు చూసే భాగ్యం దక్కింది. నాకు ఆ ముఖాల వెనక ఉండేది దక్కింది. అందుకే నాకు అనుమానం ఎక్కువ. ఎవరైనా తియ్యగా మాట్లాడితే లోపల ఏ దవడ పన్ను పుచ్చిందో అని చూస్తాను. ఇది నా గుణం. ఇంత వయసొచ్చాక మారమంటే మారను.

ఉత్తరాదిన ఏదో కార్ఖానాలో పుట్టాను. నా గాజును తుడిచి పెట్టెలో సర్దే పనివాడు నన్ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, సరదాగా తన నోట్లోకే తొంగి చూసుకున్నాడు. ఏం కనపడిందో గాని, వెంటనే నన్ను పెట్టెలో పడేసి మూత వేసేశాడు. మనుషుల సంగతి ఆ రోజే కొంత అర్థమైంది. ఎదుటివాడి నోరు ఎంతసేపైనా చూస్తారు, తమది మాత్రం చూసుకోలేరు.

నా మొదటి యజమాని పట్నంలో పేరున్న పళ్ళ డాక్టరు. ఆయన కుర్చీలో కూర్చున్న ప్రతివారూ "రోజుకు రెండుసార్లు తోముతానండీ" అనేవారు. వారి చిగుళ్ళ దగ్గర అప్పుడే మెట్ల కింద తోముకొచ్చిన నురగ ఇంకా తడిగానే ఉండేది. మగవాళ్ళను ఆయన "సిగరెట్టు అలవాటుందా?" అని అడిగేవాడు. "ఎప్పుడో కాలేజీ రోజుల్లో" అనేవారు, ఆ మాటతో పాటే ఆ పూట పీల్చిన పొగ వాసన నా మీదకు వచ్చేది. ఆడవాళ్ళను మాత్రం ఆ ప్రశ్న అడిగేవాడు కాదు. అడిగితే బాగుండదని ఆయన మర్యాద. ఆ మర్యాద వల్ల ఎంతమందికి రోగం బయటపడడం ఎంత ఆలస్యమైందో నాకు తెలుసు, ఆయనకు తెలియదు.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న హైమావతి అనే అమ్మాయి మాత్రం ఆడవాళ్ళనూ అడిగేది. ఆమెకు సముద్రం ఒడ్డున ప్రభుత్వాసుపత్రిలో ఉద్యోగం వచ్చినప్పుడు ఆయన తన పాత సామాను కొంత ఆమెకు ఇచ్చేశాడు. అందులో నేనూ ఉన్నాను. అలా ఆమె వెంట శిబిరానికి, శ్రీకాకుళం వైపు గవ్వలపాలెం అనే బెస్తవాళ్ళ ఊరు చేరాను.

ఆ ఊళ్ళో మొదటి రోజే నాకు మతి పోయింది. ఆడవాళ్ళు వరసగా వచ్చి నోరు తెరిచారు. పెదవులు శుభ్రం, ముందు పళ్ళు శుభ్రం. పైకి తిరిగి అంగిలి చూస్తే సున్నం కొట్టిన గోడలా తెల్లగా పాలిపోయి, మధ్యమధ్య ఎర్రని చుక్కలు. పొయ్యి మీద గిన్నె అడుగు మాడినట్టు నోటి కప్పు మాడింది.

"చుట్ట తాగుతారా?" అంది హైమావతి.

"ఒట్టమ్మా, మాకెందుకవి?" అన్నారు అందరూ ఒకే గొంతుతో.

ఇంతమంది ఒకే అబద్ధం ఒకేలా చెప్పడం నేను అంతవరకు చూడలేదు. ఆ మధ్యాహ్నం హైమావతి సంచీలో రేవుకు వెళితే సంగతి బయటపడింది. ఒకావిడ రెండు చేతులతో చేపలు ఒలుస్తోంది, పెదవుల మధ్య చుట్ట ముట్టించని కొస మాత్రం కనిపిస్తోంది. మండే కొస నోట్లో ఉంది. దాన్ని అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోదు, చంకలో పిల్లమీద బూడిద రాలదు, చేతులు ఖాళీగా ఉంటాయి, అత్తామామలకు పొగ కనపడదు. సుఖాలన్నీ బయట, నిప్పు లోపల. ఆడవాళ్ళ తెలివితేటలు ఇంత పొదుపుగా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది, కోపం కూడా వచ్చింది.

హైమావతి ఒక్కతే ముప్ఫై ఊళ్ళు చూసుకోవాలి. అందుకని ఆ ఊరి ఆశా కార్యకర్త నూకరత్నానికి అద్దం పట్టడం నేర్పించి, నన్నూ ఇంకో పదకొండు అద్దాలనూ ఆమె చేతిలో పెట్టింది. ఒక నోరు చూశాక సబ్బుతో కడిగి, మరిగే నీళ్ళలో ఉడికించి, మళ్ళీ ఇంకో నోరు. మచ్చ కనపడితే పేరు రాసి ఆసుపత్రికి పంపాలి.

నూకరత్నం మనిషి చురుకు. ముప్ఫై ఎనిమిదేళ్ళుంటాయి. మొగుడు వేటకు పోతాడు, ఇద్దరు ఆడపిల్లలు. ఊళ్ళో ఏ కాన్పు అయినా, ఏ పిల్లకు టీకా అయినా ఆమె ఉండాల్సిందే. ఆమె మాటంటే ఆడవాళ్ళకు గురి. అయినా నాకు మొదటి రోజే ఆమె మీద అనుమానం పుట్టింది.

శిక్షణలో ఆశాలంతా ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరి నోరు ఒకరు చూడాలి. నూకరత్నం తన జత మనిషి నోరు శ్రద్ధగా చూసింది. తన వంతు వచ్చేసరికి "దవడ లాగేస్తంది, తెరవలేను" అని చెంప పట్టుకుంది. ఊరి ఆడవాళ్ళ పేర్ల పట్టీలో మొదటి పేరు తనదే రాసుకుని, ఎదురుగా "నోరు బాగుంది" అని రాసింది. ఎవరు చూశారని? నేను చూడలేదు. మిగతా పదకొండు అద్దాలనూ ఆ రోజు ఉడికే గిన్నెలో అడిగాను, వాళ్ళూ చూడలేదు.

అప్పటి నుంచి ఆమెను వదలకుండా కనిపెట్టాను. బుగ్గన ఎప్పుడూ లవంగం. నవ్వితే చెయ్యి అడ్డం. ఎవరింట్లో టీ ఇచ్చినా గ్లాసు పక్కన పెట్టి, అది చల్లటి నీళ్ళయ్యాక గాని తాగదు. చేపల పులుసు ఊరందరూ మెచ్చేలా వండుతుంది, తను మాత్రం మజ్జిగన్నం తింటుంది. అడిగితే కడుపులో మంట అంటుంది. మంట నిజమే, చోటు అబద్ధమని నా అనుమానం. మమ్మల్ని పెట్టుకునే సంచీ ఆమె వంటింటి కొక్కేనికి వేలాడేది. గ్యాసు పొయ్యి మీద వండే ఇంట్లో రోజూ అన్నాలయ్యాక పొగాకు పొగ ఎక్కడి నుంచి వస్తుంది? బియ్యం డబ్బా మూత చప్పుడు, అగ్గిపుల్ల చప్పుడు, తర్వాత చాలాసేపు మాటా పలుకూ లేదు. ఇవన్నీ గుడ్డసంచీ లోపలి నుంచి విన్నాను.

అన్నిటికంటే పెద్ద సాక్ష్యం ఆమె మాటల్లోనే దొరికింది. పోలమ్మ అనే బాలింతకు ఒకరోజు చెబుతోంది. "మొదటి నాలుగు రోజులూ ఊరికే కోపమొత్తాది, పిల్లల్ని కొట్టీకు. నిద్దర పట్టదు. అయిదో రోజు అన్నం తిన్నాక మరీ లాగేత్తాది. నీకు తెలీకుండానే సెయ్యి డబ్బా కాడికి ఎల్లిపోద్ది. అప్పుడు సెయ్యిని తిట్టకు. దానికి మరో పనియ్యి."

డాక్టరమ్మ ఇచ్చిన కాగితంలో ఇదంతా లేదు. "పొగాకు హానికరం, మానేయండి" అని రెండు ముక్కలున్నాయి అందులో. చెయ్యి దానంతటదే వెళుతుందని నూకరత్నానికి ఎవరు చెప్పారు?

నాకు ఒళ్ళు మండేది. మనిషి దొంగ, పైగా పాఠాలు చెబుతుంది అనుకునేదాన్ని. అలవాటంటే ఇష్టమనే అనుకున్నాను అప్పటికి. అది ఎంత తప్పో నాకు అప్పయ్యమ్మ నేర్పింది.

అప్పయ్యమ్మకు డెబ్భై దాటాయి. గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి చేపలమ్మిన మనిషి. ఆమె అంగిలి మీద తెల్లమచ్చ మధ్యలో చిన్న పుండు నేనే చూశాను. గట్టి అంచు, ముట్టుకుంటే నెత్తురు. నూకరత్నం నన్ను బయటికి తీసింది. "పిన్నీ, రేపే పెద్దాసుపత్రికి పోదాం" అంది.

"నాను రాను."

"ఇప్పుడైతే బాగుసేత్తారు. ఆలస్యమైతే నోరంతా తినేత్తాది."

ముసలామె లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "నా నోట్లో నువ్వు సూసినావు. బాగుంది. మరి నీ నోరు ఎవలు సూసినారే నూకా?"

"నాదేటుంది పిన్నీ. నాది బాగానే ఉంది."

"బాగుంటే తెరువు. అద్దం ఇలగ తే."

నూకరత్నం నన్ను వెనక్కి దాచుకుంది. అరచేయి చెమట పట్టి నా కాడ జారిపోతోంది.

"టీ నీళ్ళు సల్లారబెట్టి తాగుతావు. పులుసు ముట్టవు. నవ్వితే సెయ్యడ్డం. నలబై యేళ్ళు అడ్డపొగ తాగినదాన్ని, నాకు తెల్దనుకున్నావేటే? నువ్వు తెరిత్తే నాను వత్తాను. లేపోతే ఇద్దరం ఇక్కడే పోదాం."

నూకరత్నం గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది. మెల్లగా మొదలుపెట్టింది. "మా అమ్మ సుట్ట ముట్టించి తెమ్మనేది పిన్నీ. ఒక్క దమ్ము లాగితే గాని అంటుకోదు గదా. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. పెద్దది కడుపున పడ్డాక ఒగ్గీసాను. ఏవిళ్ళు. మంచినీళ్ళు కూడా నిలిసేవి కావు. ఒక్క దమ్ము లాగితే నిలిసినాయి. అంతే, మళ్ళీ పట్టుకుంది. పిల్ల రెండు కేజీలు లేకుండా పుట్టింది. రక్తం తక్కువని అందరికీ సెప్పాను. ఇరవై రోజులు ఒళ్ళో ఎట్టుకుని ఊపిరి సూత్తా కూకున్నాను, ఆ ఇరవై రోజులూ తాగుతానే ఉన్నాను. ఊరందరికీ మానమని సెప్పే మనిసిని. నాకే ఉందని తెలిత్తే ఇంక నా మాట ఎవలింటారు?"

ఇన్నాళ్ళూ దొంగ అనుకున్న మనిషి ఏడుస్తుంటే నాకు సిగ్గేసింది. ఎనిమిదేళ్ళ పిల్ల నోట్లోకి నిప్పు ఎలా వెళ్ళిందో తెలుసుకోకుండానే నేను తీర్పు చెప్పేశాను.

అప్పయ్యమ్మ నన్ను లాక్కుంది. నూకరత్నం కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. ఎన్నాళ్ళగానో కనిపెట్టుకున్న నోరు! తీరా చూస్తే ముసలామె నన్ను తిరగేసి పట్టుకుంది. నా గాజు కిందికి ఉంది. నాకు కనపడింది నాలుక, ఆ పక్కన సగం నమిలిన లవంగం. అంతే.

అప్పయ్యమ్మ మాత్రం ముఖం దగ్గరగా పెట్టి చాలాసేపు చూసినట్టు చూసి, "ఉందే" అంది.

అబద్ధం! ఆ ముసలామె మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. చూసేదాన్ని నేను. నాకే కనపడనిది ఆమెకెలా కనపడింది?

నూకరత్నం ఉలిక్కిపడి నన్ను అందుకుంది. కిటికీ దగ్గరకు వెళ్ళి, గోడకున్న పెద్ద అద్దం ముందు నిలబడి, తన చేత్తో నన్ను తన నోట్లో పెట్టుకుంది. ఈసారి సరిగానే పట్టుకుంది. వేయి నోళ్ళు చూసిన చెయ్యి కదా. అంగిలి నాకు ఎదురైంది. తెల్లగా, పగుళ్ళుబారి, ఎడమవైపు చింతగింజంత ఎర్రమచ్చ. నా అనుమానం అక్షరాలా నిజమైంది. పుట్టాక మొదటిసారి, నా అనుమానం తప్పయితే ఎంత బాగుండేదో అనుకున్నాను.

మర్నాడు ఇద్దరూ హైమావతి ఆసుపత్రికి బస్సెక్కారు. సంచీలో నేనూ వెళ్ళాను. హైమావతి ఇద్దరి నోళ్ళూ చూసి, మచ్చల దగ్గర చిన్న ముక్క కోసి పరీక్షకు తీసింది. తర్వాత అప్పయ్యమ్మ ముఖం వెలుతురుకు తిప్పి, "నీకు రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరిపోయాయమ్మా, ఎదురుగా మనిషైనా కనపడుతున్నాడా?" అంది.

నూకరత్నం బిత్తరపోయింది. "మరి నా నోట్లో ఏటి సూసినావు పిన్నీ?"

"ఏటీ కనపళ్ళేదే."

"ఉందన్నావు?"

"నాకున్నది నీకుండదేటి? తాగింది ఒకటే పొగ."

అప్పయ్యమ్మది క్యాన్సరే. అంగిలి కొంత తీసేసి ప్లాస్టిక్ పలక అమర్చారు. ముక్కుతో మాట్లాడుతుంది, కానీ మాట్లాడుతుంది. నూకరత్నంది ఇంకా అంతదాకా రాలేదట. మానేసి, మూడు నెలలకోసారి చూపించుకుంటే ఆగవచ్చు అన్నారు. ఆగుతుంది అనలేదు, ఆగవచ్చు అన్నారు. డాక్టర్ల మాటల్లో ఆ తేడా నాకు బాగా తెలుసు.

ఊరికి వచ్చాక నూకరత్నం ఆడవాళ్ళందరి ముందూ పట్టీ తెరిచి, మొదటి వరసలో "బాగుంది" కొట్టేసి, "మచ్చ ఉంది. తాగుతుంది" అని రాసింది. గట్టిగా చదివింది కూడా. ఎవరూ నవ్వలేదు. పోలమ్మ లేచి, "మరి నాది కూడా దిద్దీ అక్కా" అంది. ఆ వారం ఆ పట్టీలో పందొమ్మిది పేర్ల ఎదుట కొట్టివేతలు పడ్డాయి. ఆమె మాట ఇక ఎవరూ వినరనుకుంది. ఆ రోజు నుంచే అసలు వినడం మొదలుపెట్టారు.

నన్ను ఉడికించి ఉడికించి నా గాజు మసకబారింది. నా చోటుకు కొత్త అద్దం వచ్చింది. పారేస్తుందేమోనని భయపడ్డాను. పారేయలేదు. బియ్యం డబ్బాలో చుట్టలు దాచుకునే రేకు పెట్టె ఒకటుంది. అవి తీసేసి, నన్ను అందులో పెట్టింది.

అన్నం తిన్నాక చెయ్యి దానంతటదే వస్తుంది. మూత తీస్తుంది. నేను దొరుకుతాను. నోరు తెరిచి చూసుకుంటుంది, మూసేస్తుంది. రెండుసార్లు తప్పింది, ఆ వాసన నాకు తెలిసింది. నేను పట్టుకునే లోపే తనే వెళ్ళి అప్పయ్యమ్మకు చెప్పుకుంది. ఇప్పటికి పద్నాలుగు నెలలైంది. ఎర్రమచ్చ చింతగింజ నుంచి కందిగింజకు వచ్చింది. వచ్చిందనే అనుకుంటున్నాను, నా చూపు మునుపటిలా లేదు.

నమ్మవచ్చు కదా అంటారు మీరు. నేను నమ్మను. ఈ పూట పెట్టె ఇంకా తెరుచుకోలేదు. అన్నాలైపోయాయి, గిన్నెలు కడిగిన చప్పుడు కూడా అయిపోయింది. ఎక్కడికి వెళ్ళింది? ఎవరింట్లో కూర్చుంది? ఏం చేస్తోంది?

అదిగో, డబ్బా మూత కదిలింది. చెయ్యి వచ్చింది. చేతికి చేపల పులుసు వాసన. వండిన చేతి వాసన కాదు, కలుపుకుని తిన్న చేతి వాసన.

తెరువమ్మా నూకరత్నం, నోరు తెరువు. చూడనీ.