లెక్కలోంచి జారిన స్తంభం

"మా బావ ఒళ్లు మరిచి స్తంభం ఎక్కాడని రాస్తారా? ఆయన్ని చంపింది మీరు! ఈ గదిలో, ఈ కుర్చీల్లో కూర్చుని చంపారు!"

కరెంటు కంపెనీకి ప్రోగ్రాములు రాసే ఆఫీసు అది. అరిచిన పిల్ల అక్కడ ప్రోగ్రామరే. మొన్న చచ్చిపోయిన లైన్‌మన్ ఆమె అక్క మొగుడు. "మా మరదలు కరెంటు తీయించిందంటే యముడు ముట్టుకున్నా షాక్ కొట్టదు" అని నవ్వుతూ పనికి పోయిన మనిషి.

"బాధలో ఉన్నావమ్మా, ఇంటికి పో," అన్నాడు పెద్దసారు. చాటున అందరూ ఆయన్ని తొందరసారు అంటారు. "మధ్యాహ్నం మళ్లీ కరెంటు తీయాలి. మనుషులు స్తంభాల కింద కాచుకుని ఉన్నారు."

మధ్యాహ్నం కరెంటు తీసేదీ బావని చంపిన ఆ ప్రోగ్రామే.

ఏ స్తంభానికి ఏ స్తంభం ముడిపడి ఉందో కంప్యూటర్‌లో ఒక గ్రాఫ్‌గా, అంటే ముడుల పటంగా ఉంటుంది. ప్రతి స్తంభానికీ దాని పక్క స్తంభాల వరస. ప్రోగ్రాం ఆ వరస పట్టుకుని నడుస్తూ ఒక్కోదానికీ కరెంటు తీసేస్తుంది. పాతబడ్డ స్తంభాల్ని గ్రాఫ్‌లోంచి పీకెయ్యాలి కూడా. నడక వేరుగా, పీకుడు వేరుగా ఉండాలని ఆమె మొత్తుకుంది. "పోతూ పోతూ పీకెయ్యమను, టైం కలిసొస్తుంది" అని తొందరసారు రెండూ కలిపేయించాడు.

"ఎలా చెప్తే ఎక్కుతుంది మీకు? మీరే స్తంభాలనుకోండి. నేను తట్టానంటే కరెంటు పోయినట్టు."

మొదటి కుర్చీలో మనిషి భుజం తట్టింది. రెండో కుర్చీలో అకౌంటెంటుని తట్టి, "మీరు పాత స్తంభం, లేవండి" అంది.

"నాకింకా రిటైర్మెంటు రాలేదమ్మా," అని గొణుగుతూ లేచాడాయన.

"కంప్యూటర్ వరస మధ్యలో ఖాళీ ఉంచదు. మిగతావాళ్లు ఒక్కో కుర్చీ ముందుకి జరగండి."

మూడో కుర్చీలోని తొందరసారు రెండోదాంట్లోకి జరిగాడు. రెండోది అయిపోయింది కదా, ఆమె మూడోదానికి పోయింది. నాలుగోదీ తట్టింది. "అన్నీ ఆఫ్," అంది.

"నన్ను తట్టలేదే?" అన్నాడు తొందరసారు. అనేశాక మొహం పాలిపోయింది.

"తట్టలేదు సార్. మీలో కరెంటు అలాగే ఉంది. స్క్రీన్ మాత్రం అన్నీ ఆఫ్ అంది. కరెంటు ఉందో లేదో చూసుకునే టెస్టర్ కావాలని లైన్‌మన్లు అడిగితే, స్క్రీన్ చూసుకోమన్నది మీరే. అలా జారిపోయిన స్తంభమే బావ ఎక్కింది. దించితే కాలకుండా మిగిలినవి అరికాళ్లే. అక్కకి మొహం చూపించలేదు."

"సరేనమ్మా, రేపు మీటింగ్ పెట్టి..."

"రేపు కాదు!" ఫోన్ ఆయన ముందుకి తోసింది. "ఇప్పుడే చెయ్యండి. ఒక్కడు కూడా నిచ్చెన మీద కాలు పెట్టకూడదు. ఆ ప్రోగ్రాం విప్పండి. నడిచేటప్పుడు గ్రాఫ్ మీద చెయ్యి వెయ్యొద్దు. పీకాల్సినవి గుర్తు పెట్టుకుని, నడక పూర్తిగా ముగిశాకే పీకాలి. మా బావదే తప్పని రాసిన కాగితం నా కళ్లముందే చింపండి. ముందు ఫోన్ ఎత్తండి సార్. ఎత్తండి!"