లోపల గలగల

అయినా బొమ్మ విమానం తోక నేలకానించి కుక్కలా చతికిలబడలేదు కదా, మూడు చక్రాల మీదా బుద్ధిగానే నిలబడింది, అంటే బరువు కోసం ముక్కు లోపల అతికించిన సీసం గుండ్లు పదకొండూ ఊడిపోలేదన్నమాట, ఒక్కటే ఊడి ఉంటుంది, మిరియం గింజంత గుండు, దాని దుంప తెగ, ఐదు నెలలు కిక్కురుమనకుండా కూర్చుని సరిగ్గా ఇవాళే, కెప్టెన్ గారు మా ఇంటికి వస్తున్న రోజే, పొద్దున్నే బల్ల మీంచి తీసి చెక్క పీట మీద పెట్టబోతుంటే గలగలమంది, నా చెవులదే తప్పేమోనని ఇంకోసారి ఎత్తాను, ఇంకోసారి గలగల, ముందుకు వంచితే ముక్కువైపు దొర్లుతోంది, వెనక్కి వంచితే తోకవైపు దొర్లుతోంది, లోపల షికార్లు చేస్తోంది, ఏమండీ ఏమిటా చప్పుడు, ఈ వయసులో గిలక్కాయ కొనుక్కున్నారా అని వంటింట్లోంచి మా ఆవిడ, ఏం లేదులే అన్నాను, ఏం లేదు అన్నప్పుడు నా గొంతు ఎలా ఉంటుందో ముప్పై ఎనిమిదేళ్ళుగా వింటున్న మనిషి, ఏం లేకపోతే అంత నీరసంగా ఎందుకు చెప్పారు అంటూ చేతులు తుడుచుకుంటూ రానే వచ్చింది.

వచ్చి నా పక్కన నిలబడి చూసింది, జానెడున్నర పొడవు జెట్టు విమానం, అసలు దానికి నలభై ఎనిమిదో వంతు, తోక మీద ఇరవై ఏడు అనే అంకె, నేను తొమ్మిదేళ్ళు మెకానిక్కుగా కనిపెట్టుకుని ఉన్న విమానం అది, అసలుది ఏనాడో తుక్కయిపోయి ఈపాటికి ఏ కుర్చీగానో గరిటెగానో బతుకుతూ ఉంటుంది, దీన్ని మాత్రం నూట నలభై ప్లాస్టిక్ ముక్కల్లోంచి నేను లేపాను, పొట్ట రెండు సగాలూ కలిపి అతికించి, అతుకు కనబడకుండా ఎమరీ కాగితం తడిపి తడిపి రుద్ది, వేలు దూరని సందుల్లో మా ఆవిడ గోళ్ళు రుద్దుకునే ఆకురాయితో రుద్ది, అడగ్గానే ఆ ఆకురాయి ఇచ్చేసిన ఆవిడ చల్లగా ఉండాలి, బూడిద రంగులో మూడు ఛాయలు ఒకదాని మీద ఒకటి ఊపిరంత పలచగా స్ప్రే చేసి, రేకుల మధ్య గీతల్లోకి నల్లరంగు నీళ్ళు పారించి తుడిచి, ఇంజను గొట్టం చుట్టూ మసి కోసం పెన్సిలు ముల్లు పొడి చేసి వేలితో అద్ది, ఇరవై ఏడు అంకె స్టిక్కరు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి ఊపిరి బిగబట్టి తోక మీదకి జార్చి, అరవై నాలుగేళ్ళు వచ్చినా ఇంకా వణకని ఈ వేళ్ళు ఎంత మంచివో, నాకు చెప్పకుండానే కొత్త కళ్ళజోడు చేయించి పెట్టిన మా ఆవిడ ఎంత మంచిదో, అన్నీ కుదిరాయి, అసలు ఇదంతా ఒక్క మాట చెప్పలేక చేసిన పని, ముప్పై ఆరేళ్ళ కిందట ఆ విమానం నడిపిన కెప్టెన్ గారికి చెప్పాల్సిన మాట, థాంక్స్ సార్ అని, ఆ రెండు ముక్కలూ గొంతు దాటి రాక ఈ నూట నలభై ముక్కలూ అతికించాను, ఇప్పుడు ఆ థాంక్సే గలగలమంటోంది.

ఆయన కూతురు ఐదు నెలల కిందట ఫోన్ చేసినప్పుడు, హలో, రెంచి బాబాయిగారేనా అండీ అంది, అని వెంటనే తడబడి, సారీ అండీ, నాన్న మీ గురించి ఎప్పుడు చెప్పినా ఆ పేరుతోనే చెబుతారు, మీ అసలు పేరు ఈమధ్యే తెలిసింది అంది, వచ్చే మార్చికి నాన్నకి డెబ్బై అయిదు నిండుతాయి, ఆ ఇరవై ఏడో నంబరు విమానం బొమ్మ ఎక్కడైనా దొరుకుతుందేమో మీకు తెలుస్తుందని చేశానండీ అంది, దొరకడం ఏమిటమ్మా నేను చేసిస్తాను, పుట్టినరోజుకి నాన్నగారిని మా ఇంటికే తీసుకురా అన్నాను, అనేసి ఫోన్ పెట్టేశాక తట్టింది, అంటే ఆ పేరు వాళ్ళింట్లో అన్నం తినే బల్ల దాకా వెళ్ళిందన్నమాట, పిల్లలకి కథలా చెప్పుకుని నవ్వుకున్నారన్నమాట, నవ్వుకుంటే నవ్వుకోనీ, ఆయనకి ఆ హక్కు ఉంది, నన్ను క్షమించిన మనిషి ఆయన, క్షమించినవాడు కాస్త నవ్వుకుంటే ఏం పోయింది, ఒక్కసారి కళ్ళెదుట నిలబడి నా చేతులతో చేసింది ఇస్తాను, ఇందులో మాత్రం వేలెత్తి చూపించడానికి ఏమీ ఉండకూడదు అనుకున్నాను.

మా ఆవిడ విమానం ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది, రిటైరయ్యే దాకా ఆపరేషన్ థియేటర్లో నర్సు, మేం కుట్లు వేసే ముందు దూది ఉండలతో సహా లెక్కపెట్టేవాళ్ళం, మీరు పొట్ట అతికించే ముందు లెక్కపెట్టలేదా అంది, ఎందుకు లెక్కపెట్టలేదూ, పదకొండు, ఇప్పుడూ లోపల పదకొండే ఉన్నాయి, ఒకటి ఉండాల్సిన చోట లేదు అంతే అన్నాను, అయితే రోగి బతికే ఉన్నాడుగా, వదిలెయ్యండి, ఆయనకి చెవుడని కూతురు చెప్పనే చెప్పింది, గలగలమన్నా గణగణమన్నా ఆయనకేం తెలుస్తుంది, పైగా అద్దాల పెట్టెలో పెట్టి ఇస్తున్నారు, ఎత్తి ఊపుతారా ఏమిటి పెద్దాయన, ఎవరికీ తెలియదులెండి అంది, నా మొహం తేలికపడాలనే అంది పాపం, కానీ ఎవరికీ తెలియదు అన్న మాట వింటే చాలు నా ఎడమ పిక్క దగ్గర చల్లగా తగులుతుంది, ఇనుము తగిలినట్టు, ముప్పై ఆరేళ్ళుగా అంతే.

అప్పట్లో ఆ పొద్దున ఇరవై ఏడు ఇంజను మొదలైంది, కెప్టెన్ గారు లోపల కూర్చుని బొటనవేలు పైకెత్తారు, చక్రాలకి అడ్డం పెట్టిన దిమ్మలు లాగేశాను, పనిముట్ల ట్రే మూత వెయ్యబోతూ చూశాను, ట్రేలో నల్ల స్పాంజికి ఒక్కో పనిముట్టు ఆకారంలో ఒక్కో గుంట ఉంటుంది, పది నంబరు రెంచి గుంట ఖాళీగా ఉంది, జేబులు తడుముకున్నాను, లేదు, నేల మీద లేదు, అది విమానంలోనే ఉండిపోయి ఏ తీగకో అడ్డం పడితే, ఇంజను మింగితే, విమానం కదిలింది, పరిగెత్తాను, ఎలా పరిగెత్తానో తెలియదు, ఎదురుగా వెళ్ళి రెండు చేతులూ తలపైన అడ్డంగా పెట్టి నిలబడ్డాను, ఆగమని, ఆగింది, ఆ తర్వాత ఏడు గంటలు, పదిమంది టార్చిలైట్లు పట్టుకుని, రేకులన్నీ విప్పి, సీటు బయటికి తీసి, ఎక్కడా లేదు, మా ఆఫీసరు తిట్టని తిట్టు లేదు, కెప్టెన్ గారు మాత్రం ఆ మందపాటి డ్రస్సులోనే ఓ డ్రమ్ము మీద కూర్చుని ఒక్క మాట అనకుండా చూస్తూ ఉన్నారు, సాయంత్రం కాళ్ళు పీకి ఓ మూల కూలబడ్డాను, మోకాలు మడవగానే ఎడమ పిక్కకి చల్లగా తగిలింది, మోకాలి జేబు చిరిగి, రెంచి లోపలి గుడ్డలోకి జారి, పొద్దున్నించీ నాతోపాటే తిరుగుతోంది, చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఎవరూ చూడలేదు, గడ్డిలోకి విసిరేసి గడ్డిలో దొరికింది అనొచ్చు, ఎవరికీ తెలియదు, కాసేపు అలాగే కూర్చున్నాను, అబద్ధమెందుకు, కాసేపు కాదు, చాలాసేపే కూర్చున్నాను, తర్వాత లేచి వెళ్ళి అందరి ముందూ నా ఫ్యాంటులోంచి రెంచి తీశాను.

విరగబడి నవ్వారు, నవ్వరా మరి, నేనే అయితే నేనూ నవ్వేవాణ్ణి, ఆ రోజుతో నా పేరు పోయి రెంచి మిగిలింది, రెంచీ టీ తాగావా, రెంచీ జేబు కుట్టించుకున్నావా, మర్నాడు ఇరవై ఏడు పని నా దగ్గర్నించి తీసేసి ఇంకొకడికి అప్పగించారు, నేను దూరంగా చమురు డబ్బాలు తుడుస్తున్నాను, నిచ్చెన వేసి ఉంది, కెప్టెన్ గారు నిచ్చెన దగ్గరే నిలబడిపోయారు, ఎక్కరు, ఆ రెంచి అతను ఏడీ, పిలవండి, అతను చూశానంటేనే ఎక్కుతాను అన్నారు, మా ఆఫీసరు ఏదో నసిగాడు, ఆయన కదల్లేదు, నన్ను పిలిచారు, అంతా చూసి వచ్చి నిలబడ్డాను, చూశావా అన్నారు, చూశాను సార్ అన్నాను, కాగితం చదవనైనా చదవకుండా సంతకం పెట్టి ఎక్కేశారు, ఆపైన నాలుగేళ్ళు ప్రతిసారీ అంతే, చూశావా, చూశాను సార్, ఆ రెండు మాటలే నా ఉద్యోగాన్ని నిలబెట్టాయి, నన్ను మనిషిని చేశాయి, థాంక్స్ చెప్పాలని నాలిక చివరిదాకా వచ్చేది, అంత పెద్దాయనకి నేను చెప్పేదేమిటని సిగ్గు, ఈలోగా ఆయన బదిలీ అయి వెళ్ళిపోయారు.

ఊడిన ఆ గుండు తీసేస్తాను అన్నాను మా ఆవిడతో, తోకలో ఇంజను గొట్టం మెల్లగా పెకలిస్తే గుండు అటునించి బయటికి వచ్చేస్తుంది, మళ్ళీ అతికించి కాస్త రంగు తగిలిస్తాను, పదకొండింటికి కదా వాళ్ళు వచ్చేది, టైముంది అన్నాను, వద్దు అనలేదు, అన్నా నేను వినేవాణ్ణి కాదని తెలుసు, టేబుల్ లైటు దగ్గరికి జరిపి, నర్సు కదా, నా చేతికి సన్న బ్లేడు అందించి, చెయ్యి వణక్కుండా మోచెయ్యి బల్లకి ఆనించండి అంది, గొట్టం చుట్టూ అతుకులో బ్లేడు పెట్టాను, పావు వంతు తిప్పాను, సగం తిప్పాను, వస్తోంది, వస్తోంది అనుకుంటుండగా టిక్కుమని తోక అడుగున గోరంత రంగు పెచ్చు లేచిపోయి కింద తెల్ల ప్లాస్టిక్ బయటపడింది, గొట్టం మాత్రం ఊడలేదు, అయ్యో అంది మా ఆవిడ, సరిగ్గా అప్పుడే వీధిలో కారు ఆగింది, తలుపు చప్పుడు, నాన్నా మెల్లిగా అన్న ఆడగొంతు, గడియారం చూస్తే పది కూడా కాలేదు.

రాత్రి నుంచీ ఎప్పుడెళదాం ఎప్పుడెళదాం అని నిలవనివ్వలేదండీ బాబాయిగారూ అంటోంది ఆ అమ్మాయి గుమ్మంలో, వెనకాల ఆయన, ఎంత చిక్కిపోయారో, నిచ్చెన మీద అంత ఎత్తున కనబడ్డ మనిషి నా భుజం దాకా వచ్చారు, చేతికర్ర, అవే కళ్ళు మాత్రం, నేను విమానం చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాను, అద్దాల పెట్టె పక్కనే ఉంది, మూత తీసి లోపల పెట్టి మూత వేస్తే చాలు, పెచ్చు లేచింది అడుగున కదా, పైనుంచి చూస్తే కనబడదు, మా ఆవిడ నావైపు చూసింది, పెట్టెవైపు చూసింది, మళ్ళీ నావైపు చూసింది, ఐదు నెలలు, వేలెత్తి చూపించడానికి ఏమీ ఉండకూడదనుకున్నాను, పిక్క చల్లబడింది, సార్ అన్నాను, ఇది మీకోసం చేశాను సార్, లోపల ఒక గుండు ఊడింది, గలగలమంటోంది, తీద్దామని ఇప్పుడే రంగు కూడా పాడుచేశాను, తప్పు నాదే సార్, ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు, కూతురు దగ్గరికి వంగి, నాన్నా, లోపల ఏదో ఊడిందట, తనదే తప్పు అంటున్నారు అని అరిచి చెప్పింది.

ఆయన చేతికర్ర కూతురికిచ్చి రెండు చేతులూ చాపారు, ఇచ్చాను, ముక్కువైపు వంచారు, తోకవైపు వంచారు, చెవులకి వినబడకపోయినా అరచేతులకి తెలిసింది కాబోలు, కనుబొమలు పైకి లేచాయి, నన్ను చూసి, అయితే ఇవాళ ఎగరనులే రెంచీ అన్నారు, అని విమానాన్ని మెల్లగా బల్ల మీద దించి, నా కుర్చీలో వెనక్కి జారగిలబడి, ఇక్కణ్ణించి నన్నెవరు లేపుతారో చూస్తాను అన్నట్టు కాళ్ళు చాపుకుని, చెల్లెమ్మా టీ ఏమైనా దొరుకుతుందా అన్నారు మా ఆవిడతో, ఆవిడ నవ్వు ఆపుకుంటూ లోపలికి పరిగెత్తింది, కూతురు కూడా నవ్వుతూ, మా చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టినా మార్కులు దాచినా నాన్న ఇదొక్కటే చెప్పేవారండీ, రెంచి బాబాయిలా వచ్చి చెప్పెయ్యండి, కాసేపు అన్నీ ఆగుతాయి, తర్వాత అన్నీ సర్దుకుంటాయి అని, మిమ్మల్ని చూడకుండానే మీకు భయపడుతూ పెరిగాం అంది, ముప్పై ఆరేళ్ళు నేను మచ్చ అనుకుని మోసిన పేరు ఈయన ఇంట్లో పిల్లలకి నడత నేర్పింది, క్షమించారు క్షమించారు అనుకుంటూ వచ్చాను, ఏం క్షమించాలి, రెంచి పోగొట్టినవాణ్ణి ఈయన ఆ రోజు చూడనే లేదు, అడ్డం నిలబడి ఆగమన్నవాణ్ణే చూశారు, చేతుల్లో ప్రాణం పెట్టదగ్గవాడు దొరికాడనుకున్నారు, మర్నాడు పెట్టారు, నాలుగేళ్ళు పెట్టారు, నేనే ఆ సంతకాన్ని జాలి అనుకుని తలదించుకుని తీసుకున్నాను, థాంక్స్ సార్ అన్నాను, బయటికి వచ్చేసింది, ఏమిటీ అన్నారాయన, కూతురు ముందుకు వంగబోయింది, నువ్వుండమ్మా, ఇది నేనే చెప్పాలి అని ఆయన చెవి దగ్గరికి వంగి, వంటింట్లో మా ఆవిడకి కూడా వినబడేంత గట్టిగా మళ్ళీ చెప్పాను.