మధ్యాహ్నం మాయమయ్యే మెయిళ్ళు

కృత్రిమ కాళ్ళు తయారుచేసే ఆ కార్ఖానాలో కంప్యూటర్ల మంచిచెడ్డలు చూసే ఆవిడను అందరూ సర్వరమ్మ అనే పిలిచేవారు. కన్నవాళ్ళు ముచ్చటపడి పెట్టిన పేరు గుర్తింపు కార్డు మీద తప్ప మరెక్కడా కనిపించేది కాదు. ఆవిడ ఆడపడుచు అదే కార్ఖానాలో ఆర్డర్ల విభాగంలో పనిచేసేది. అసలు తన అన్నకు ఈ సంబంధం చూసింది కూడా ఆ పిల్లే. "మొండికేసిన కంప్యూటర్లనే దారికి తెస్తుంది, మా అన్నయ్య ఒక లెక్కా!" అని ఇంటిల్లిపాదినీ ఒప్పించింది.

ఆ ఏడు దొంగ మెయిళ్ళ బెడద ఎక్కువైంది. లాటరీ తగిలిందన్న మెయిలు ఎవరో తెరిచేసరికి ఆఫీసులో సగం కంప్యూటర్లు పడకేశాయి. మేనేజరు సర్వరమ్మను పిలిచి కొత్తగా ఒక వడపోత సర్వరు పెట్టమన్నాడు. బయటి నుంచి వచ్చే ప్రతి మెయిలూ ముందు దాని దగ్గర ఆగాలి. మంచిదైతే లోపలికి వదలాలి, దొంగదైతే పక్కన పడేయాలి. గుమ్మం దగ్గర కాపలావాడి లాంటిదన్నమాట.

"ఇన్నాళ్ళూ మెయిళ్ళు అందుకున్న పాత సర్వరును తీసేద్దామాండీ?" అని అడిగింది సర్వరమ్మ.

"ఇప్పుడే ఎందుకమ్మా? మెయిళ్ళు చేరడానికి దానికున్న చిరునామా కూడా తీసెయ్యకు. కొత్తది మొరాయిస్తే అక్కరకొస్తుంది."

ఆవిడ సరేనంది. కొత్త సర్వరును అమర్చి, ఏ మెయిలును ఆపాలో ఏది వదలాలో ఓపిగ్గా నేర్పింది. కొన్నాళ్ళు కనిపెట్టి చూసి, అంతా సవ్యంగా ఉందని నమ్మకం కుదిరాక వెనక గదిలోని పాత సర్వరును ఆపేసింది. ఆ గదిని అప్పటికే సగం గోదాము చేసేశారు. రోగుల కాళ్ళకు తీసిన ప్లాస్టరు అచ్చులు అరల నిండా, నేల మీదా, ఆఖరికి ఆ సర్వరు నెత్తి మీద కూడా చేరాయి.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆడపడుచు విసవిసా వచ్చింది.

"వదినా, నీ కొత్త మిషన్ నా మెయిళ్ళు మింగేస్తోంది. డాక్టరేమో కొలతలు పంపానంటాడు. నాకు రాలేదంటే నన్ను పిచ్చిదాన్ని చేసి మాట్లాడతాడు."

సర్వరమ్మ పక్కన పడేసిన మెయిళ్ళ గుట్ట తెరిచి చూసింది. డాక్టర్ల మెయిళ్ళు బోలెడు అందులోనే ఉన్నాయి. కారణం చదివితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అసభ్యమైన మాటలున్నాయని ఆపేసిందట. తొడ, తుంటి, మోకాలి పైన చర్మం. బూతు మెయిళ్ళను పట్టడానికి సర్వరుతో పాటే వచ్చిన పదాలవి. మామూలు ఆఫీసుల్లో ఆ మాటలు పెద్దగా రావేమో గానీ, ఇక్కడ పొద్దస్తమానం అవే.

"మన వ్యాపారమే తొడలూ తుంట్లూ కదా వదినా!" అని ఆడపడుచు పడీపడీ నవ్వింది.

సర్వరమ్మ ఆ నిబంధన తీసేసి, ఆగిన మెయిళ్ళన్నీ వదిలిపెట్టింది. అక్కడితో పీడ విరగడైందనుకుంది.

విరగడ కాలేదు. మెయిళ్ళు పోతూనే ఉన్నాయి. ఈసారి పక్కన పడేసిన గుట్టలో లేవు. సర్వరు తన దగ్గరికి వచ్చిన ప్రతి మెయిలు గురించీ ఒక ముక్క రాసిపెట్టుకుంటుంది. అందులోనూ వాటి జాడ లేదు. అవి గుమ్మం దాకా రానేలేదని సర్వరు లెక్క. పంపానని డాక్టరు ఒట్టు.

ఆవిడ తన సొంత ఖాతా నుంచి ఉత్తుత్తి మెయిళ్ళు పంపి చూసింది. పొద్దున పంపినవన్నీ చక్కగా వచ్చాయి. మధ్యాహ్నం ఒకటి వచ్చింది, ఇంకొకటి రాలేదు. రానిదాన్ని అక్షరం మార్చకుండా మళ్ళీ పంపితే వచ్చింది. ఏదో దొరికిందని సంబరపడి, మూడోసారి పంపితే అది పోయింది. మర్నాడు పొద్దున అన్నీ వచ్చాయి. కాలికేస్తే మెడకి, మెడకేస్తే కాలికి.

నిబంధనలు ఒక్కొక్కటే సడలించింది. లాభం లేదు. సర్వరును ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. పొద్దున బాగానే ఉంది, మధ్యాహ్నం మళ్ళీ అదే వరస.

"ఎండకేమైనా వేడెక్కుతోందేమో?" అన్నాడు మేనేజరు.

"కొత్తదాన్ని పెట్టిన గదిలో ఏసీ ఉందండీ."

"పోనీ, భోజనాలయ్యాక దానికీ కునుకు పడుతోందేమో!" అని తనే నవ్వాడు. సర్వరమ్మకు నవ్వు రాలేదు. ఎందుకంటే అంతకంటే మంచి కారణం తన దగ్గరా లేదు.

ఇంట్లో కూర చట్టి పొయ్యి మీద పెట్టి, మంట వెలిగించడం మరిచిపోయి గంటసేపు ఎదురుగా నిలబడింది. భర్త చూసి పొయ్యి వెలిగించాడు.

"ఏమైంది?"

"ఏమైందో తెలిస్తే ఇలా ఎందుకుంటాను?"

"చెప్పు, వింటాను."

చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. అంతా అయ్యాక, "అంటే మెయిలు వస్తోందా, రావట్లేదా?" అన్నాడు. సర్వరమ్మ గరిటె ఆయన చేతికిచ్చి వెళ్ళి పడుకుంది.

ఆ వారంలోనే బస్సు కండక్టరు వచ్చింది. ప్రమాదంలో ఎడమ కాలు మోకాలి కింద పోగొట్టుకున్న మనిషి. కొత్త కాలు పెట్టుకుని మళ్ళీ డ్యూటీలో చేరాలని పట్టుదల. తయారైన కాలు తొడిగి చూసుకోవడానికి రెండు బస్సులు మారి, చంకల్లో కర్రలతో వచ్చింది. కార్ఖానాలో అందరికంటే పెద్దవాడైన మేస్త్రి కాలు తెచ్చి తొడిగాడు. నాలుగడుగులు వేసేసరికి ఆమె మొహం మాడిపోయింది. కాలు లోపల వదులుగా ఆడుతోంది, అంచు చర్మానికి ఒరుసుకుంటోంది.

మేస్త్రి టేపు తీసి ఆమె కాలు కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"కండ తగ్గిందమ్మా నీకు. మాకొచ్చిన కొలత ఇది కాదు."

"డాక్టరు గారు కొత్త కొలత పంపారు కదండీ! నా ఎదురుగానే పంపారు. మధ్యాహ్నం ఆయన భోజనానికి లేస్తూ లేస్తూ పంపారు."

ఆడపడుచు వెళ్ళి సర్వరమ్మను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. గుమ్మంలో నిలబడి చూసింది సర్వరమ్మ. కండక్టరు బల్ల మీద కూర్చుని, ఎర్రగా కందిన చోట అరచేత్తో నెమ్మదిగా రాసుకుంటోంది. అన్నాళ్ళూ పోయినవి మెయిళ్ళనే అనుకుంది సర్వరమ్మ.

తిన్నగా డాక్టరు ఆసుపత్రికి ఫోన్ చేసి, అక్కడి కంప్యూటర్లు చూసే అతణ్ణి పట్టుకుంది. ఇన్నాళ్ళూ తన సర్వరునే కుళ్ళబొడిచింది తప్ప, అవతలివాళ్ళ సర్వరు ఏం చెబుతోందో అడగలేదు.

"అందిందండీ," అన్నాడతను వెతికి చూసి. "మీ సర్వరే తీసుకుంది. అందిందని జవాబు కూడా ఇచ్చింది."

"మాకు రాలేదండీ. జవాబు ఏ సర్వరిచ్చిందో కాస్త పేరు చదువుతారా?"

అతను చదివాడు. సర్వరమ్మ మళ్ళీ చదవమంది. రెండోసారీ అదే పేరు. తన చేతులతో తను ఆపేసిన పాత సర్వరు పేరు.

"ఏవండీ, ఉన్నారా?" అంటున్నాడు అతను. ఈవిడ ఫోన్ పెట్టేసింది. ఆపేసిన సర్వరు అందిందని జవాబు ఎలా ఇస్తుంది?

వెనక గదికి పరిగెత్తింది. తలుపు తాళం వేసి లేదు. పాత సర్వరు దీపాలన్నీ ఆరిపోయి, ఆపింది ఆపినట్టే ఉంది. దాని నెత్తి మీదున్న అచ్చులు మాత్రం నేల మీదికి చేరాయి. సర్వరు మీద చెయ్యి వేసి చూసింది. వెచ్చగా ఉంది. ఆవిడ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎవరూ లేరని తెలిసినా ఒకసారి గది నాలుగు మూలలూ చూసింది.

మర్నాడు అందరూ భోజనాలకు లేచాక మళ్ళీ వెళ్ళింది. దూరం నుంచే ఫ్యాను చప్పుడు వినిపించింది. లోపల పీట మీద మేస్త్రి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో టిఫిను డబ్బా, ఎదురుగా వెలుగుతున్న తెర. తెర మీద ఎవరో పెద్దాయన కృత్రిమ కాలితో వరండాలో నడుస్తున్నాడు.

"మేస్త్రి గారూ, మీరా!"

"రా తల్లీ, కూర్చో. ఈయన్ని చూడు, కుడి భుజం పడిపోతోంది. నేనే చేశాను ఈ కాలు. మడమ అర అంగుళం పొడుగైంది."

కాలు పెట్టించుకున్నవాళ్ళు తాము నడుస్తున్న వీడియోలు తీసి పంపడం అక్కడ ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఆయన వాటిని చూసి తన పనిలో తప్పులు పట్టుకునేవాడు. కొత్త సర్వరుకు మారినప్పుడు పెద్ద పెద్ద వీడియోలు ఇటు రాలేదు. ఆయన ఆడపడుచును అడిగాడు. ఆ పిల్ల, పాతవన్నీ పాతదాంట్లోనే ఉంటాయి తాతా అంది. దాంతో ఆయన భోజనం వేళ ఇక్కడికొచ్చి సర్వరు వేసుకుని, వీడియోలు చూసుకుని, పని గంట వినపడగానే ఆపేసి వెళ్తున్నాడు.

"తప్పయిందా అమ్మా? కరెంటు వృథా కాకూడదని జాగ్రత్తగా ఆపే పోతున్నాను."

సర్వరమ్మ ఒక ప్లాస్టరు అచ్చు పక్కకు జరిపి నేల మీదే చతికిలబడింది. ఇన్నాళ్ళ చిక్కుముడి అప్పుడు వీడింది. మెయిళ్ళు పంపేవాళ్ళకు ఈ కార్ఖానా చిరునామాలు రెండున్నాయి, పాత సర్వరుదొకటి, కొత్తదానిదొకటి, ముందూ వెనకా తేడా లేకుండా. పాత సర్వరు ఆగి ఉన్నంతసేపూ, తలుపు తట్టిన మెయిలు జవాబు లేక కొత్తదాని దగ్గరికే వెళ్ళేది. మేస్త్రి అన్నం తినే వేళ పాతదీ లేచి కూర్చునేది. అప్పుడు మెయిలు అటు వెళ్తుందో ఇటు వెళ్తుందో ఎవరూ చెప్పలేరు. అటు వెళ్ళినదాన్ని అది మర్యాదగా తీసుకుని, అందిందని చెప్పి, ఎవరూ తెరవని పెట్టెలో దాచేది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది తన పని.

"తప్పు మీది కాదు మేస్త్రి గారూ. నాది. పాత చిరునామా తీసెయ్యాల్సింది."

"చిరునామానా? ఎవరిది?" అన్నాడాయన అయోమయంగా.

ఆ తెర మీదే పాత పెట్టెలు తెరిచింది. పోయిన మెయిళ్ళన్నీ బుద్ధిగా వరసలో ఉన్నాయి. కండక్టరు కొలత కూడా. దాన్ని గట్టిగా చదివి వినిపించింది. మేస్త్రి టిఫిను డబ్బా మూత పెట్టేసి, మిగతా ముద్దలు తినకుండానే లేచి పనిలోకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రానికి సర్వరమ్మ పాత చిరునామా తీసేసింది. మేనేజరుకు జరిగిందంతా చెప్పింది. ఆయన చాలాసేపు తలూపి, "అంటే కునుకు పాటు కాదన్నమాట," అన్నాడు. మెయిళ్ళన్నీ ఆడపడుచుకు చేర్చింది. వీడియోలను మేస్త్రి పనిబల్ల పక్కనే ఒక కంప్యూటర్లోకి ఎక్కించింది.

కొత్త కాలు తయారయ్యాక కండక్టరు మళ్ళీ వచ్చింది. ఈసారి సర్వరమ్మ ముందుగానే వెళ్ళి గోడ పక్కన నిలబడింది. కండక్టరు కాలు తొడుక్కుని లేచి, గది ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. ఆగింది. కదిలే బస్సులో నిలబడ్డట్టు రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి అటూ ఇటూ ఊగి చూసుకుంది. పడలేదు.

సర్వరమ్మ ముందుకొచ్చింది. "అక్కా, మొదటిసారి కొలత అందకపోవడం నా వల్లే. మెయిలు రావడానికి రెండు దారులుండి, అందులో ఒకటి నేను మూయకపోవడంతో..."

కండక్టరు ఆవిడ మొహంలోకి చూస్తూ చివరిదాకా వింది.

"నాకేం అర్థం కాలేదమ్మా," అంది. "నొప్పి మాత్రం బాగా గుర్తుంది. ఇంకెవరికీ అలా కాకుండా చూడు." మేస్త్రి వైపు తిరిగింది. "తాతా, వేళ్ళ దగ్గర కాస్త ఎత్తుగా ఉన్నట్టుంది. మెట్టెక్కేటప్పుడు తగులుతుందేమో."

"ఏదీ, ఇంకోసారి నడువు," అన్నాడు మేస్త్రి, ఆకురాయి అందుకుంటూ.