మరుగుదొడ్డిలో మిగిలిన క్యాలెండరు

వీట్స్‌కే పనిచేసే కంపెనీలో మొత్తం ఆరుగురు. డచ్చివాళ్ళ ఫ్రీస్‌లాండ్ ఇళ్ళలో మెట్లంటే నిలబెట్టిన నిచ్చెనలే. మోకాళ్ళు పోయినవాళ్ళ కోసం ఆ మెట్ల పక్కన పట్టాలు వేసి, వాటిమీద పైకీ కిందికీ పోయే కుర్చీలు బిగించడం వాళ్ళ వ్యాపారం. యజమాని డౌవె. వాళ్ళ నాన్న కాలం నుంచీ ఫోను దగ్గర కూర్చున్నది వీట్స్‌కే. ఆమెకి అరవై ఒకటి.

ఆ దేశంలో పుట్టినరోజుల క్యాలెండరు మరుగుదొడ్డిలోనే వేలాడాలి. కూర్చున్నంతసేపూ కళ్ళెదుట ఉంటుంది కనుక ఎవరి రోజూ మరిచిపోయే వీలుండదు. అందులో వారాలుండవు, ఏళ్ళుండవు, ఉత్త నెలలూ తేదీలే. ఒకసారి కొంటే జన్మంతా వస్తుంది. కంపెనీ మరుగుదొడ్డిలోనూ ఒకటుండేది. కుర్చీ కొన్న ప్రతివాళ్ళ పేరూ, పుట్టిన ఏడూ, ఫోను నంబరూ వీట్స్‌కే అందులో ఇరవై రెండేళ్ళుగా పెన్సిలుతో రాస్తూ వచ్చింది. చోటు చాలనప్పుడు కాగితం ముక్కలు అతికించింది. మెట్లు మలుపు తిరిగి పట్టాకి వంపుంటే పేరు పక్కన కొక్కెం గీసేది. కుక్క కరిచేదైతే 'కుక్క' అని రాసేది. పోయినవాళ్ళ పేరు కొట్టేసేది కాదు, చిన్న శిలువ వేసేది. పుట్టినరోజునాడు అందరికీ ఫోను చేసేది. శిలువ పడ్డ మగవాళ్ళ భార్యలకి కూడా చేసేది.

ఉపద్రవం వస్తే వ్యాపారం ఎలా నడుపుతారో రాసివ్వమని, లేకపోతే బీమా ఇచ్చేది లేదని బీమావాళ్ళు ఉత్తరం రాశారు. అది రాసిపెట్టడానికి బ్రాండ్స్మా అనే ఆయన్ని డౌవె పిలిపించాడు. సన్నటి మనిషి. ఏం చెప్పినా రాసుకుంటాడు.

"రేపు మీ ఆఫీసు కాలిపోయిందనుకోండి మేడమ్, ఏం చేస్తారు?"

"ఏడుస్తాం," అంది వీట్స్‌కే.

"తర్వాత?"

"కాఫీ పెట్టుకుంటాం."

ఆయన రెండూ రాసుకున్నాడు. తర్వాత మరుగుదొడ్డికి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వచ్చాక మొహంలో నెత్తురు లేదు.

"లోపల నాలుగొందల మంది వివరాలు గోడకి వేలాడుతున్నాయి!"

"చదివారా?"

"చదవక ఏం చేస్తానండీ? ఎదురుగా ఉంది!"

"అందుకేగా అక్కడ పెట్టింది."

"వచ్చేపోయేవాళ్ళు జనం వివరాలు చదివితే చట్టం ఒప్పుకోదు. ఇకనుంచి పుట్టినరోజు శుభాకాంక్షలు కంప్యూటరే పంపుతుంది."

డౌవె గడ్డం గోక్కుంటూ, "తీసెయ్యక్కా, ఎందుకొచ్చిన గొడవ," అన్నాడు.

తీసేసింది. సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళింటి మరుగుదొడ్డిలో మేకుకి తగిలించింది. ఆ చోటు తప్ప ఇంకో చోటు ఆమెకి తట్టలేదు. మర్నాటినుంచి పొద్దున్నే ఫోను అందుకోబోవడం, చేస్తున్నది కంప్యూటరని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకోవడం. ఇరవై రెండేళ్ళ పని అంత తేలిగ్గా పోయింది.

బ్రాండ్స్మా ఆ వివరాలన్నీ ఎక్కించిన కంప్యూటరు పెట్టెలు రెండు తెప్పించాడు. ఒకటి పోయినా రెండోది ఉంటుందన్నాడు. ఆఫీసులో తాళం పడే బీరువా ఒక్కటే ఉంది కనుక రెండింటినీ అందులోనే పెట్టి తాళం వేశాడు, కోడినీ పిల్లల్నీ ఒకే గంప కింద కమ్మినట్టు. మూడో ప్రతి ఎక్కడో దూరదేశపు కంప్యూటర్లో ఉంటుంది, అడిగితే పంపుతారు.

నవంబరు తొమ్మిదిన తుపాను గాలీ, వానా. కప్పుమీద నీళ్ళు పోయే గొట్టానికి సముద్రపు కొంగల పాత గూడు అడ్డం పడింది. పైన మడుగు కట్టిన నీరంతా సందు చూసుకుని తిన్నగా ఆ బీరువాలోకి దిగింది. వీట్స్‌కే తలుపు తెరిస్తే పెట్టెలు రెండూ ఈదుతున్నాయి.

దూరదేశం వాళ్ళకి ఫోను చేస్తే, సోమవారం మధ్యాహ్నానికల్లా పంపుతామన్నారు. ఆరోజు గురువారం.

డౌవె ఇంకా తుడుస్తుండగానే కుర్చీలు తయారుచేసే ఫ్యాక్టరీ నుంచి ఫోను. వంపు పట్టాలమీద నడిచే కుర్చీల బ్రేకు పళ్ళు అరిగి జారుతున్నాయట. చూసి మార్చేదాకా ఎవరూ కూర్చోకూడదట.

డౌవె తడి గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "వంపు పట్టాలు ఎంతమందికి వేశాం? ఎవరెవరికి వేశాం? మలుపులో జారితే ముసలివాళ్ళు బతుకుతారా అక్కా?"

"నేను బాత్రూమ్‌కి వెళ్ళాలి," అంది వీట్స్‌కే.

"ఇప్పుడా!"

"మా ఇంట్లో."

సైకిలెక్కి ఎదురుగాలిలో ఇల్లు చేరింది. క్యాలెండరు మేకునుంచి తీసి వంటింట్లో పెట్టుకోవచ్చు. కానీ దాని ముందు ఎలా కూర్చోవాలో అలా కూర్చుంటేనే ఆమెకి చదవడం వస్తుంది. మూత వేసుకుని కూర్చుని జనవరి నుంచి మొదలుపెట్టింది. కొక్కెం ఉన్న పేరు, శిలువ లేని పేరు, ఫోను.

మొగుడు సీబె తలుపు తట్టాడు. "ఎంతసేపే?"

"ఇంకా మార్చిలోనే ఉన్నా."

"నేను డిసెంబరుదాకా ఆగలేను!"

"పక్కింటికి వెళ్ళు. వెళ్ళి తలుపు తట్టు, ఏమీ అనుకోరు."

కొక్కేలు ముప్పైయేడు. ముప్పైయారుగురు ఎత్తారు. ముగ్గురు పుట్టినరోజు నాడు ఫోను రాలేదని దెప్పారు. ఎత్తనిది ఒక్క హిల్లెగొండ బామ్మ. ఆ పేరుమీద వేలు పెట్టి తేదీ చూసింది. నవంబరు తొమ్మిది. తొంభై ఏళ్ళు ఈరోజే నిండాయి. పొద్దున్నే చెయ్యాల్సిన ఫోను. చెయ్యాల్సిన కంప్యూటరేమో బీరువాలో మునిగి ఉంది.

తొంభయ్యో పుట్టినరోజంటే ఇంటినిండా చుట్టాలు. ఆ గోలలో ఫోను ఎవరికి వినబడుతుంది? అందరూ చేరాక బామ్మ పైనుంచి కుర్చీలో కూర్చుని పెళ్ళికూతురిలా దిగుతుంది. ఏటా అంతే.

డౌవెని బండి తీసుకు రమ్మంది. బామ్మ ఉండే మక్కుమ్ ఊరు చేరేసరికి ముందుగదిలో కుర్చీలు గుండ్రంగా వేసి పద్నాలుగు మంది కూర్చున్నారు. ఒక్కొక్కరి ఒళ్ళో గులాబీ పూత కేకు ఒక్కొక్క ముక్క. లోపలికి వచ్చినవాళ్ళు వరసగా అందరి చేతులూ కలిపి, మీ అమ్మగారి పుట్టినరోజుకి మీకు, మీ అత్తగారి పుట్టినరోజుకి మీకు అని పేరుపేరునా శుభాకాంక్షలు చెప్పాలి. చెప్పేదాకా ఇంకో మాట ఎత్తకూడదు.

పెద్దకొడుకు రైండర్ చెయ్యి చాచాడు. వీట్స్‌కే ఆ చెయ్యి పట్టుకోలేదు. వలయాన్ని అడ్డంగా దాటి మెట్లవైపు పరిగెత్తింది.

"మతి పోయిందా ఈవిడకి?" అంది ఒక కోడలు.

పైన బామ్మ కుర్చీలో కూర్చుని, నడుముకి పట్టీ బిగించుకుని, మీటమీద వేలు పెట్టి ఉంది.

"బామ్మా! ఆ వేలు తియ్యండి! నొక్కకండి!"

"ముందు శుభాకాంక్షలు చెప్పు. పొద్దున్నించీ చూస్తున్నాను నీ ఫోను కోసం."

"బ్రేకు పోయింది బామ్మా!"

"ఏం పోయినా సరే, ముందు అది చెప్పు."

"తొంభై ఏళ్ళు నిండినందుకు శుభాకాంక్షలు! నిండు నూరేళ్ళూ ఉండాలి!"

అప్పుడు వేలు తీసింది. డౌవె పైకెక్కి కుర్చీ కింది మూత విప్పి బ్రేకు చూశాడు. ఆరు పళ్ళకి ఒక్కటే మిగిలింది. అతను దాన్ని ఊడదీసి చూపిస్తే, బామ్మ తన నోరు తెరిచి, "నాకంటే ఒకటి తక్కువ," అంది.

ఆరోజు బామ్మ మెట్లమీద కూర్చుని ఒక్కొక్కటే జరుగుతూ దిగింది. పద్నాలుగు మెట్లకి ఇరవై నిమిషాలు పట్టింది. కింద అందరూ పాట పాడుతూనే ఉన్నారు, పాట నాలుగుసార్లు అయిపోయింది. ఆమె దిగాక వీట్స్‌కే రైండర్ దగ్గరికి తిరిగొచ్చి, అక్కణ్ణుంచి వరసగా పద్నాలుగు చేతులూ కలిపింది. ఆ కోడలు మాత్రం వేళ్ళ చివర్లే ఇచ్చింది.

సోమవారం బ్రాండ్స్మా వచ్చి పుస్తకం తెరిచాడు. "పత్రాల రెండో ప్రతి ఇంకో కట్టడంలో ఉండాలి, తాళం పడే గదిలో ఉండాలి. అలా ఉంటే చట్టంతో పేచీ లేదు. మీది ఎక్కడుంది మేడమ్?"

"మా ఇంటి బాత్రూమ్‌లో."

"తాళం పడుతుందా?"

"లోపలినుంచి పడుతుంది."

"తాళం ఎవరి అధీనంలో ఉంటుంది?"

"లోపల కూర్చున్నవాళ్ళ అధీనంలో."

బ్రాండ్స్మా అదీ రాసుకున్నాడు.