నడిమి కుర్చీ

రెండో బాక్సు వైరు చుట్ట విప్పుతూ యోబు వేళ్లతో ముడిని వెతికాడు. ముడి ఉన్న కొస ప్లస్సు, లేనిది మైనస్సు. పని నేర్చుకునే రోజుల్లో దొరికిన వైర్లన్నీ ఒకటే రంగువి కావడంతో ఈ పద్ధతి అలవాటైంది. ఇప్పుడు ఎర్రదీ నల్లదీ విడివిడిగా వస్తున్నా అతను రంగును నమ్మడు, ముడినే నమ్ముతాడు. యాభై దాటిన కళ్లకంటే వేళ్లే నయమంటాడు. ఆ వేళ్ల కొసలు సోల్డరింగుతో కాలిన మచ్చలతో మొద్దుబారి ఉంటాయి.

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక సందులో అతని మైక్ సెట్టు దుకాణం. పెళ్లికీ చావుకీ, ఎన్నికల సభకీ ఆదివారం ఆరాధనకీ అవే బాక్సులు. ఇన్నేళ్లలో ఒక్క పెళ్లి ఫొటోలోనూ యోబు పడలేదు. అతను మోసుకొచ్చిన బాక్సు మీదెక్కి కూర్చున్న పిల్లలు మాత్రం అన్నిట్లోనూ ఉంటారు.

చర్చిలో జంపఖానాలు పరిచి ఉన్నాయి. ఎడమ వైపు ఆడవాళ్లు, కుడి వైపు మగవాళ్లు, మధ్యలో నడవడానికి ఖాళీ దారి. ఆ దారిలో బుగ్గమ్మ తప్ప ఎవరూ కూర్చోరు. మోకాళ్లు వంగవు కాబట్టి దారి చివర, గుమ్మం దగ్గర, నట్టనడుమ ఆమెకొక ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు.

బుగ్గమ్మ యోబుకు వరసకు చిన్నమ్మ. ఒకప్పుడు ఇక్కడ పాట ఎత్తుకునేది ఆమే. ఆమె గొంతు లేచాకే డప్పు లేచేది. రెండేళ్లుగా ఆమెకు చర్చిలో ఏమీ వినపడడం లేదు. దగ్గరికొచ్చి మాట్లాడితే ఫరవాలేదు గానీ, ఇక్కడ పాట ఎప్పుడు మొదలైందో కూడా తెలియడం లేదు. మైకు నా దాకా వస్తలేదని ఆమె అంటే, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని అందరూ నవ్వారు. యోబు కూడా నవ్వాడు. ఒక ఆదివారం అందరూ పాట ఆపేశాక ఆమె ఒక్కతే పాడుతూ మిగిలిపోయింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ రోజు నుంచి ఆమె నోరు మెదపలేదు.

"రేపే ఆఖరు, యోబు. వినపడనిదానికి వచ్చుడెందుకు? ఇంట్లనే కూసుంట" అని నిన్న దుకాణం ముందు ఆగి చెప్పి వెళ్లింది. ఆ మాట యోబును రాత్రంతా ముల్లులా గుచ్చింది.

మామూలుగా మైకు ముందు 'హలో, చెక్' అనేది అతనే. ఇవాళ మేనకోడలు మనోజ ముందుగా వచ్చింది. కొంగరకలాన్ ఫ్యాక్టరీలో చెవిలో పెట్టుకునే స్పీకర్లను పరీక్షించే ఉద్యోగం ఆమెది.

"నువ్వు ఏదన్న చదువుతుండు బిడ్డా. నేను వైరు సర్దుత" అన్నాడు యోబు.

మనోజ బైబిలు వాక్యం చదువుతోంది. మిగిలిన వైరు చుట్టను భుజాన వేసుకుని అతను మగవాళ్ల వైపు నుంచి ఆడవాళ్ల వైపు దాటుతున్నాడు. నడిమి దారిలో అడుగు పెట్టగానే ఆమె గొంతు పీలగా, బోలుగా అయిపోయింది. వెనక్కి తగ్గాడు, గొంతు నిండుగా వచ్చింది. మళ్లీ ముందుకు జరిగాడు, పీలబడింది. ఆ దారి వెంబడే నడుచుకుంటూ వెళ్లి బుగ్గమ్మ కుర్చీలో కూర్చున్నాడు. అక్కడా అంతే.

"మనోజా, జర ఒక బాక్స్ బంద్ చెయ్యి."

ఆమె బంద్ చేసింది. కుర్చీ దగ్గర గొంతు పెద్దదైంది.

"రెండు మోగితే తక్కువ, ఒక్కటి మోగితే ఎక్కువ. గిదేం లెక్క?"

మనోజ మైకు పక్కన పెట్టి వచ్చింది. "శబ్దమంటే గాలిని ముందుకు నూకుడు, ఎనకకు గుంజుడు, మామా. నూకుడు మట్టికుప్ప అనుకో. గుంజుడు గుంత అనుకో. ఒక బాక్స్ కుప్ప పోసేటప్పుడే ఇంకోటి గుంత తీస్తే?"

"కుప్ప గుంతల పడి సాఫ్ అయితది."

"గంతే. ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి. కూడితే సున్న."

"మరి పక్కలకు మంచిగనే వినపడుతది గదా?"

"పక్కకు జరిగితే ఒక బాక్స్ దగ్గరైతది, ఇంకోటి దూరమైతది. కుప్ప సరిగ్గ గుంతల పడదు. నడుమల రెండూ సమానం గదా."

యోబు తల గోక్కున్నాడు. "నడుమల గూడ నాకు సన్నగనన్న వినపడ్డది."

"ఈల లెక్క సన్నటి శబ్దాలకు కుప్పలు చిన్నయి. తల జర కదిలినా గుంత తప్పిపోతది, అందుకే అవి మిగులుతయి. డప్పు లెక్క లావు శబ్దాలకు బారెడు కుప్పలుంటయి. అవన్నీ పూడుకపోతయి." మనోజ కుర్చీ వైపు చూసి గొంతు తగ్గించింది. "ముసలోళ్ల చెవులకు ముందుగాల పోయేది సన్నటి శబ్దాలే, మామా."

అంటే లావు శబ్దాలను బాక్సులు మింగాయి, సన్నవాటిని వయసు మింగింది. బుగ్గమ్మకు మిగిలిందేమీ లేదు.

టార్చిలైటు సెల్లు తీసి, ముడి ఉన్న కొసను దాని ప్లస్సుకు, లేనిదాన్ని మైనస్సుకు తాకించి చూశారు. మొదటి బాక్సులో స్పీకరు అట్ట బయటికి ఉబ్బింది. రెండోది లోపలికి పోయింది. నాదర్‌గుల్ పెళ్లిలో, రెండేళ్ల కిందట, ఎలుకలు కొరికిన వైరును హడావుడిగా అతికిందీ, ముడి వేసిందీ యోబుకు గుర్తొచ్చాయి. నడిమి దారిలో ఇంకెవరైనా కూర్చునే ఆనవాయితీ ఉంటే తప్పు ఆ వారమే బయటపడేది. ఈసారి నిజంగా మద్దెలే ఓడు. అతనికి చచ్చేంత సిగ్గేసింది. అయినా ఆ లెక్క అతన్ని వదల్లేదు.

"నడుమల పోయిన శబ్దం ఏడికి పోయినట్టు?"

"ఏడికీ పోదు. ఈ పక్కోళ్లకు, ఆ పక్కోళ్లకు పోయింది."

చిన్నమ్మ పాటను రెండేళ్లుగా ఊరంతా పంచుకుందన్నమాట. యోబు రెండో బాక్సు వైరు ముడి విప్పి అవతలి కొసకు వేసి, దాని ప్రకారం కనెక్షను మార్చాడు.

ఆరాధన మొదలైంది. మొదటి పాట లేవగానే బుగ్గమ్మ ఉలిక్కిపడి తలెత్తింది. చెవిలోంచి చిన్న మిషన్ ఒకటి పీకి గుప్పిట్లో పెట్టుకుంది. పోయిన నెల కొడుకు సాల్మన్ రాజు కొనిచ్చింది అది. రెండో చరణాన్ని తాళం తప్పకుండా అందుకుంది. ముసలి గొంతు, పైకి పోయినచోట చీలింది కూడా. ఎవరూ నవ్వలేదు. యోబుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

ఆరాధన అయ్యాక కుర్చీ దగ్గర వంగాడు. "చిన్నమ్మా, నీ చెవులు మంచిగనే ఉన్నయి. తప్పు నా వైర్లది."

"గిన్ని దినాలు నన్ను చెవిటిదాన్ని జేసినవా?" బుగ్గమ్మ అతని చెవి పట్టి మెలేసింది. నవ్వుతూనే ఉంది. "పో, మళ్ల ఆదివారం జర ముందుగాల రా. నేనే పాట ఎత్తుకుంట."

మధ్యాహ్నం అన్నం తిని పడుకుందట. సాయంత్రం సాల్మన్ రాజు ఫోన్ చేశాడు. "అన్నా, అమ్మ లేస్తలేదు" అన్నాడు. కాసేపటికి మళ్లీ చేసి మైక్ సెట్టు తెమ్మన్నాడు.

యోబు అవే బాక్సులు తీసుకెళ్లి వాకిట్లో అటొకటి, ఇటొకటి నిలబెట్టాడు. లోపల మంచం మీద తెల్లదుప్పటి కప్పి ఉంది. సాల్మన్ రాజు తలుపుకు ఆనుకుని, "ఆఖరి దినాలల్ల పాపం ఏం వినపడకనే పాయె" అన్నాడు.

"వినపడ్డది తమ్మీ. ఇయ్యాల మొత్తం విన్నది" అన్నాడు యోబు.

ప్లగ్గు కోసం లోపలికి వెళ్తే ఎక్కడో సన్నటి కూత వినపడింది. మైకును బాక్సు ముందుకు తెస్తే ఇలాగే అరుస్తుంది. తన శబ్దం తనకే మళ్లీ మళ్లీ వినపడి. ఏడుస్తున్నవాళ్లెవరూ పట్టించుకోలేదు. బుగ్గమ్మ చెవులకైతే అంత సన్నటి కూత ఈ మధ్య ఎన్నడూ వినపడి ఉండదు. యోబు చుట్టూ వెతికాడు. మంచం తలాపున గూట్లో స్టీలు గ్లాసు, అందులో ఆమె తీసిపెట్టిన చెవి మిషన్, దాని చిన్న పచ్చ దీపం ఇంకా వెలుగుతూ ఉంది.