చివరిగా చూసినవారు

“ఎడమచేత్తో ఇస్తావేం? నేనేమన్నా బిచ్చగాణ్ణా?” అన్నాడు భర్త, పేపరు మీంచి కళ్లెత్తకుండానే.

సైన్సు టీచరు కాఫీ కప్పును బల్లమీద పెట్టి వంటింట్లోకి వచ్చేసింది. ఆమె కుడిచేయి అప్పటికే చెప్పినమాట వినడం మానేసింది. మెదడులోని ఎడమభాగం కుడిచేతిని ఏలుతుందని ఏటా బోర్డు మీద బొమ్మగీసి చెప్పే మనిషి. మూతి వంకర, చేతి బరువు, మాట ముద్ద, ఈ పక్షవాతం గుర్తుల్లో ఏది కనిపించినా ఆసుపత్రికి పరుగెత్తాలని పిల్లలచేత వల్లె వేయించే మనిషి. అంతటి మనిషి ఆ ఉదయం చేసిన పనేమిటంటే, గరిటెను రెండో చేతికి మార్చుకోవడం. భర్త స్నేహితులు భోజనానికి వస్తున్నారు. కూర పొయ్యిమీద ఉంది. “ఆదివారం వస్తే చాలు, నీకు ఏదో ఒక జబ్బు గుర్తొస్తుంది” అని పోయినసారి తల తిరిగినప్పుడు ఆయన అన్నమాట చెవిలో ఉంది. తనకు తెలిసిన శాస్త్రమంతా ఆ ఒక్క మాట ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

వడ్డన మొదలయ్యేసరికి ఆమె గిన్నెతో సహా కూలబడింది. అతిథులే అంబులెన్సు పిలిచారు.

ఎమర్జెన్సీ గదిలో ఆమెకు అన్నీ వినబడుతున్నాయి, అర్థమవుతున్నాయి. మాట మాత్రం రావడం లేదు. “మా కోడలికి నోట్లో నాలుక లేదమ్మా, అంత మంచిది” అని అత్తగారు నర్సుతో చెబుతోంది. పాతికేళ్లుగా ఊరంతా చెప్పుకొస్తున్న పొగడ్తే అది. పెదవి చివర్నుంచి చొంగ కారుతోంది, బట్టలు తడిసిపోయాయి, ఎవరో పరాయి మనిషి దుప్పటి సర్దుతున్నాడు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. సిగ్గు మెదడులో ఎక్కడుంటుందో ఆమె చెప్పే పాఠంలో లేదు. అది ఎక్కడున్నా, ఆ చోటికి మాత్రం రక్తం నిక్షేపంగా అందుతోంది.

“ఈవిడ మామూలుగా ఉండగా చివరిగా చూసిందెవరు?” అని అడిగింది డాక్టరు.

“నేనే మేడమ్. పడేదాకా బాగానే ఉంది. ఇప్పుడే, ఓ అరగంట కూడా కాలేదు.”

“పొద్దున ఏ తేడా కనబడలేదా? చేయి, నడక?”

భర్త ఒక్క క్షణం తల్లి వైపు చూశాడు. “లేదండీ.”

ఆ చూపు టీచరుకు అందింది. ఆయనకు కాఫీ కప్పు గుర్తుంది. గుర్తుంది కనుకనే లేదన్నాడు. పొద్దున్నే ఎందుకు తీసుకురాలేదని నలుగురిలో అడిగితే ఏం చెప్పాలి? ఆయన సిగ్గు ఆయనది. ఇన్నేళ్లూ ఆ సిగ్గును కూడా ఉతికి ఆరేసింది తనే.

డాక్టరు మంచం పక్కకు వచ్చి వంగింది.

“దానికేం తెలుస్తుంది మేడమ్, స్పృహలో ఉంటేగా” అన్నాడు భర్త.

“మా దగ్గర కొత్త పద్ధతి పెట్టుకున్నామండీ. ఇంట్లోవాళ్లను అడిగిన ప్రశ్న రోగినీ అడుగుతాం. బాగా ఉండగా చూశామని చెప్పేవాళ్లలో చాలామంది చూసి ఉండరు.” డాక్టరు ముఖం టీచరు ముఖానికి ఎదురుగా వచ్చింది. “అమ్మా, కళ్లు మూసి తెరవండి. ఆఁ, వినబడుతోంది. జాగ్రత్తగా వినండి. మెదడులో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. జబ్బు ఇప్పుడే మొదలైతే అది మేలు. ఎప్పుడో మొదలైన సంగతి తెలియక ఇస్తే మెదడులో రక్తం కారొచ్చు. ఆలస్యమైందని తెలిస్తే, రక్తనాళంలోకి సన్నగొట్టం పంపి గడ్డను లాగే దారి ఉంటుందేమో స్కాన్‌లో చూస్తాం. మీ ఆయన చెప్పింది నిజమేనా?”

గదిలో అందరూ ఆమెనే చూస్తున్నారు. ఇంతమంది ఒక్కసారిగా తన ముఖంలోకి చూడటం ఆమెకు గుర్తులేదు. కాదంటే ఆయన నలుగురిలో అబద్ధాలకోరు. అవునంటే ఆయన పరువు దక్కుతుంది, బహుశా తన ఖర్చుతో. ఇందులో ఆలోచించడానికేముంది అని తరగతిలో ఏ పిల్లయినా నవ్వి ఉండేది. ఆమె మాత్రం ఆలోచించింది. ఆలోచించవలసి వచ్చినందుకు చెవులదాకా సిగ్గుపడింది.

“చెప్పవే, ఇప్పుడేగా” అన్నాడు భర్త మెల్లగా.

ఆమె తల అడ్డంగా ఊపింది. సిగ్గు పోలేదు. సిగ్గుపడుతూనే, ఎవరికీ అనుమానం మిగలకుండా, మరోసారి ఊపింది.